వేషానికి పెట్టిన రొట్టె

మాస్టారు పోయారన్న కబురు నాకు కువైట్‌లో, షువైఖ్ గ్యారేజీలో ఒక పాత జీపు కింద వెల్లకిలా పడుకుని ఉండగా అందింది. మెకానిక్కు బతుకులో పెళ్లి కబురైనా చావు కబురైనా అలా పడుకునే వినాలి. ఫోన్ చేసింది రాయచోటి దగ్గర నుంచి అక్క.

"రేయ్, అయ్యోరు పోయినాడంట. నిద్దట్లోనే పోయినాడంట. వాళ్ల పాప నాకు ఫోను చేసింది."

"ఏ అయ్యోరు?" అన్నాను, తెలిసి కూడా.

"మనకు ఎంతమంది ఉండారు రా అయ్యోర్లు? బళ్లో చెప్పినోళ్లనంతా ఎప్పుడో మర్చిపోతివి. నువ్వు మర్చిపోలేనిది ఆయప్పనొక్కన్నే గదా."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఒక నూనె చుక్క నుదుటి మీద పడింది. పైన నిలబడ్డ జీపు ఓనరు "ఖలాస్?" అని అడిగాడు, అయిపోయిందా అని. అయిపోయిందన్నాను. నేనన్నది జీపు సంగతి కాదు.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లని కొండంత చెయ్యడం ఆచారం. మాస్టారు కొండ కాదు, పొట్టి మనిషి. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు సిగ్గు వస్తోంది. దుఃఖం దాని వెనకాల, వంతు కోసం నిలబడ్డట్టు వస్తోంది. కాబట్టి ముందు సిగ్గు సంగతే చెప్తాను.

ఆయనది కోనసీమ. అబ్బాసియాలో ఒక బళ్లో ఇంగ్లీషు చెప్పేవారు. నేను షువైఖ్‌లో ఒక గ్యారేజీలో హెల్పర్ని, అప్పటికి మీసాలు కుదురుగా మొలవనివాణ్ని. మా గదీ ఆయన గదీ పక్కపక్కన. మా ఊరి బళ్లో నాకు ఇంగ్లీషు ఎందుకు రాలేదో తెలుసుకోవాలని ఆయనకి కుతూహలం. తెలుసుకున్నాక చాలా బాధపడ్డారు. మాకు ఇంగ్లీషు చెప్పాల్సిన అయ్యోరికీ రాదు.

మాటలు ఎక్కడ పుట్టాయో వెతకడం ఆయన జబ్బు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ బొత్తాం పట్టుకుని, "అబ్బాయ్, ఇదెవరిదనుకున్నావ్? పోర్చుగీసువాళ్లది. చావి కూడా వాళ్లదే. ఇఖామా, అదే మన పర్మిట్ కార్డు, లేకుండా ఇన్ని వందల ఏళ్లుగా మన ఇళ్లల్లో కాపరం చేస్తున్నాయి, ఏ పోలీసూ పట్టుకోలేదు" అనేవారు. "ప్రతి మాటకీ ఒక ఊరుంటుందయ్యా. ఊరడక్కుండా ఎవర్నైనా ఇంట్లోకి రానిస్తామా?" అని కూడా అనేవారు. ఆయన ఊరు మాత్రం ఎవరైనా అడిగితే, కోనసీమ అని ఊరుకునేవారు. ఏ ఊరో, ఎవరి అబ్బాయో చెప్పేవారు కాదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. అక్క అప్పుడు సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పని చేసేది. అక్క అంటే సొంత అక్క కాదు, మా పక్క ఊరు, వరసకు అక్క. ఆమె మామా, అంటే ఇంటి యజమానురాలు, కుటుంబాన్ని తీసుకుని ఒక తెల్లవారుజామున సౌదీకి వెళ్లిపోయింది. పోతూ పోతూ ఇల్లు జాగ్రత్త అని తాళాలు అక్క చేతిలో పెట్టింది. సైన్యం నుంచి ఇంటిని అక్క కాపాడుతుందని ఆమె నమ్మకం. అక్క భయపడి నన్ను రమ్మంది. గ్యారేజీ మూతపడింది, నేను వెళ్లాను. బడి మూతపడింది, ఒంటరిగా ఉన్న మాస్టార్ని వెంట తీసుకెళ్లాను. ముగ్గురం ఆ ఇంటి వెనక డ్రైవరు గదిలో సర్దుకున్నాం.

కొన్నాళ్లు స్టోరు గదిలో బియ్యం ఉన్నాయి. తర్వాత సైనికులు వచ్చి బియ్యం, ఏసీలు, కారు, చివరికి కిటికీ పరదాలు కూడా తీసుకుపోయారు. తాళాలు మాత్రం అక్క దగ్గరే భద్రంగా ఉన్నాయి. అదే వారం అక్కకి జ్వరం పట్టుకుంది. రొట్టెల దుకాణం ముందు పొద్దున్నించీ నిలబడితే మా వంతు వచ్చేసరికి పొయ్యి ఆర్పేసేవారు. మంచం మీద నుంచి అక్క, "ఏం తెచ్చినావు రా?" అనడిగితే, "ఎండ తెచ్చినా అక్కా" అనేవాణ్ని. రెండోరోజు ఆమె నవ్వలేదు.

రెండు వీధుల అవతల ఒక పెద్దావిడ ఉండేది. వీధంతా ఖాళీ అయినా ఆమె ఇల్లు కదల్లేదు. హజ్ యాత్ర చేసొచ్చిందని అందరూ ఆమెను హజ్జా అనేవారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక గేటు దగ్గర నిలబడి, కాళ్లూ చేతులూ సరిగా లేనివాళ్లకి రొట్టే ఖర్జూరాలూ పెట్టేది. నేను వెళ్లి చెయ్యి చాస్తే నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వు కుర్రాడివి, వెళ్లి లైనులో నిలబడు. ఇది నిలబడలేనివాళ్లకి" అంది. ఆమె అన్నది న్యాయమే. న్యాయంతో పొట్ట నిండదు, అంతే.

నేను వచ్చి ఆ మాట చెప్తే మాస్టారు మంచం మీదున్న అక్క వైపు చూశారు. తర్వాత, "రేపు నేనూ వస్తాను. నా చెయ్యి పట్టుకుని నడిపించు" అన్నారు.

మర్నాడు వీధి మలుపు దగ్గర ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. రెప్పలు దించి, మెడ కొంచెం పక్కకి వాల్చి, గడ్డం పైకెత్తారు. అంతే. నా చేతిలో ఉన్న చెయ్యి వేరేవాళ్లది అయిపోయింది. బూడిద పూసుకోలేదు, చొక్కా చింపుకోలేదు. గేటు దగ్గర హజ్జా ఆయన్ని చూసి, మిగతావాళ్లని ఆపి, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని అరచేతిలో రొట్టె పెట్టి, ఒక్కొక్క వేలూ దాని మీద మడిచింది. పడిపోకుండా.

ఆ రోజు డ్రైవరు గదిలో మేం ముగ్గురం తిన్నాం. అక్క మంచం మీద లేచి కూర్చుని, "ఏం అయ్యోరా, గుడ్డోనికి రొట్టెలో మాడు మాత్రం బాగా కనపడ్తాందే?" అంది. మాస్టారు మాడిన అంచు తుంచి పక్కన పెడుతున్నారు.

"ఇదంతా ఎక్కడ నేర్చినారు సార్?" అనడిగాను.

"గుడ్డివాడి వేషం కళ్లల్లో ఉండదబ్బాయ్, మెడలో ఉంటుంది" అని మాత్రం చెప్పి మాట మార్చేశారు. ఆయన మాట మార్చడమంటే ఇంకో మాట పుట్టుక చెప్పడమే. "మనలాంటివాళ్లకి ఇంగ్లీషులో ఓ పాత మాట ఉంది. ఫేటర్ అంటారు."

"తిట్టా సార్?"

"తిట్టే. రోగం లేకుండా రోగం చూపించి, కుంటితనం లేకుండా కుంటుకుంటూ అడుక్కునేవాడు. వీళ్ల మీద అప్పట్లో వాళ్ల రాజులు చట్టాలు కూడా చేశారు. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనరు."

"మాట పోయింది, మనం మిగిల్నాం."

"అదే కదా. కానీ అది పుట్టినచోట దానికే పాపం తెలీదయ్యా. ఫ్రెంచివాళ్ల దగ్గర్నించి వచ్చింది, వాళ్లకి లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దానర్థం చేసేవాడు. అంతే. కుండ చేసినా చేసేవాడే, కుర్చీ చేసినా చేసేవాడే. ఫ్యాక్టరీ అంటాం చూడు, అదీ ఆ ఇంటి పిల్లే."

"చేసేటోడు అడుక్కునేటోడు ఎట్లయినాడు సార్?"

ఆయన రొట్టె ముక్క వైపు చూశారు. "చేతికి పని లేనివాడు ఏదో ఒకటి చెయ్యాలి కదా. రోగం చేశాడు."

అక్క నా వైపు తిరిగింది. "గ్యారేజి మూసినారని ఏడుస్తాంటివే. ఇదో, అయ్యోరు ఈడ ఫ్యాక్టరీ పెట్టినాడు. చేరిపో."

చేరిపోయాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ మొదటి రోజుల్లో నాకు సరదాగానే ఉండేది. ఆయన కాలికి రాయి తగిలినట్టు తడబడితే, నేను "జాగ్రత్త, జాగ్రత్త" అని అరబ్బీలో హజ్జాకి వినపడేలా అనేవాణ్ని. గేటు దగ్గర ఆమె కళ్లు చెమర్చడం చూసి, ఈవాళ ఖర్జూరాలు ఎక్కువ పడతాయని లెక్క వేసుకునేవాణ్ని.

ఒకరోజు ఆమె రొట్టె పెట్టి ఆయన చెయ్యి వదల్లేదు. నాతో అంది: "వీళ్లొచ్చిన మొదటి వారమే నా కొడుకుని తీసుకుపోయారు. ఎక్కడికో చెప్పలేదు. కళ్లు లేనివాడి దువా పైవాడు ముందు వింటాడంటారు. నా కొడుకు ఇల్లు చేరాలని అడగమని చెప్పు." దువా అంటే ప్రార్థన. నేను ఆ మాటలు తెలుగులో చెప్పాను. ఆయన పారిపోతారేమో అనుకున్నాను. పారిపోలేదు. రెండు చేతులూ ఎత్తి, రెప్పలు దించుకునే, తెలుగులో మెల్లగా అన్నారు: "ఈ తల్లి కొడుకు ఇంటికి రావాలి." ఆమె ఆమీన్ అంది.

అప్పటి నుంచి రోజూ ఇదే. రొట్టె, దువా, ఆమీన్. ఆ రోజు నుంచి మాస్టారు రొట్టె సగమే తినేవారు. అక్కకి ఒంట్లో శక్తి వస్తోంది, నాకు ఆకలి తీరుతోంది, ఆయన సన్నబడుతున్నారు. ఏంది సార్ అంటే అరగట్లేదు అనేవారు.

చివరికి బస్సు దొరికింది. బస్రా మీదుగా బాగ్దాదు, అక్కడి నుంచి జోర్డాను. ముందు వెళ్లినవాళ్లు, దారిలో నీళ్లు కూడా దొరకవని, నీరసంగా ఉన్నవాళ్లు కూలిపోయారని కబురు పంపారు. అక్క అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. మేం వెళ్లిపోతున్నామని హజ్జాకి చెప్పాను. "రేపు పొద్దున్నే గుడ్డాయన్ని తీసుకురా. దారికి సరిపడా రొట్టెలు కాల్చి ఉంచుతాను, రెండు డబ్బాల నీళ్లిస్తాను" అంది. అక్క దారిలో బతికి బయటపడాలంటే అవే దిక్కు.

సాయంత్రం ఆ సంగతి చెప్పగానే మాస్టారు, "రేపు మెడ మామూలుగా పెట్టుకుని వస్తానబ్బాయ్" అన్నారు.

"అదేంది సార్, రొట్టెలు చేతికొచ్చినాక చెప్దాంలే."

"అది మా నాన్న పద్ధతి కాదు."

అప్పుడు చెప్పారు, ఎన్నడూ ఎవరికీ చెప్పనిది. ఆయన తండ్రి పగటి వేషాలు కట్టే మనిషి. ఊళ్లో దిగితే కొన్నాళ్లు రోజుకో వేషం. ఒకరోజు బుడబుక్కలవాడు, ఒకరోజు పిట్టలదొర, ఒకరోజు గుడ్డివాడు. ఇల్లిల్లూ తిరిగి నవ్వించేవాడు, ఏడిపించేవాడు, కానీ ఆ రోజుల్లో గుప్పెడు గింజలు కూడా పుచ్చుకునేవాడు కాదు. ఆఖరి రోజు మొహం కడుక్కుని, మామూలు పంచె కట్టుకుని, సొంత మొహంతో ప్రతి గడపలో నిలబడి, ఇన్నాళ్లూ వచ్చింది నేనే అని చెప్పి చెయ్యి చాచేవాడు.

"వేషానికి పెట్టింది వేషానిదేరా, మొహానికి పెట్టిందే మనది అనేవాడు మా నాన్న. వేషాలు కట్టినన్నాళ్లూ నాకు ఆయన్ని చూస్తే గొప్పగా ఉండేది. ఆ ఆఖరి రోజు మొహమే చూడలేకపోయేవాణ్ని. అందుకే పారిపోయి ఇంగ్లీషులో దాక్కున్నాను." కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అక్కడ అది వేషమని గడప గడపకీ తెలుసయ్యా. చూసేవాళ్లకి తెలిసి చేశాడు మా నాన్న. ఈ తల్లికి తెలీదు. నేను అదీ ఇదీ ఒకటే అనుకున్నాను" అన్నారు.

"సార్, ఆమె కోపంతో సైన్యానికి పట్టిస్తే? రొట్టెలు ఇయ్యకపోతే? అక్క..."

"ఆగు రా" అంది అక్క. "పొట్ట మాడేది నాది. నన్నడక్కుండా మీరిద్దరే తీర్పులు చెప్పుకుంటాండారే." గోడ పట్టుకుని లేచి నిలబడింది. "పో అయ్యోరా. ఆయమ్మ కొడుకు పేరు మీద తిన్న రొట్టె నాకూ అరగల్యా. తిడితే మాత్రం నా పేరు చెప్పొద్దండి."

నేను ఆయనకి మూడు అరబ్బీ మాటలు నేర్పాను. చీకటి పడేవరకూ వల్లించారు.

పొద్దున మాస్టారు బళ్లోకి వెళ్లే చొక్కా వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని నడిచారు. నా చెయ్యి పట్టుకోలేదు. గేటు తెరిచి హజ్జా అలవాటుగా ఆయన చెయ్యి అందుకోబోయింది. ఆయన ఆమె మొహంలోకి చూసి, "హజ్జా, నేను గుడ్డివాణ్ని కాదు. మాస్టర్ని. ఆకలేసింది" అన్నారు, నేర్చుకున్న మాటలు నేర్చుకున్నట్టే.

ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. ఆయన్ని చూసి, నన్ను అడిగింది: "మరి ఆ దువాలు?"

నేను తెలుగులో చెప్పాను. "అవి వేషం కాదని చెప్పు" అన్నారు మాస్టారు.

నాకు వచ్చింది గ్యారేజీ అరబ్బీ. వేషానికి మాట తెలియదు. మా దగ్గర విడిభాగాలు రెండు రకాలు, కంపెనీవైతే అస్లీ, నకిలీవైతే తక్లీద్. అదే చెప్పాను. "కళ్లు తక్లీద్, హజ్జా. దువా అస్లీ."

ఆమె నా వైపు తిరిగింది. మాస్టారితో వెళ్లిన రోజు నుంచీ ఆమె నాతో మాట్లాడిందంతా ఆయన కోసమే. ఇప్పుడు నాతో మాట్లాడింది, నా గురించి.

"అతను నా ముందు కళ్లు మూసుకున్నాడు. నువ్వు తెరుచుకునే ఉన్నావు. నేనేడుస్తుంటే రోజూ నా మొహంలోకి చూస్తూనే ఉన్నావు."

లోపలికి వెళ్లింది. ఇక రాదనుకున్నాం. వచ్చింది. గుడ్డలో కట్టిన రొట్టెలు, రెండు డబ్బాల నీళ్లు తెచ్చి మెట్టు మీద పెట్టింది. "ఆకలేసిందన్నాడు కదా, తీసుకోమను" అంది. గేటు వేస్తూ, "నా కొడుకు కోసం ఇక అడగొద్దని చెప్పు" అంది.

చెప్పాను. మాస్టారు వంగి మూట ఎత్తుకున్నారు. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

బస్సులో ఆ రొట్టెలు అక్క తింది, బతికింది. ఇవాళ ఫోన్లో నన్ను తిడుతోందంటే ఆ రొట్టెల చలవే. మాస్టారు చాలా రోజుల తర్వాత ఒక రొట్టె పూర్తిగా తిన్నారు, మాడిన అంచుతో సహా. నేను నా వాటా అక్కకే ఇచ్చేశాను. అది ఆయన మొహానికి పెట్టిన రొట్టె. నా మొహానికి ఆమె ఏం పెట్టిందో మీకు చెప్పాను కదా.

దారిలో ఎక్కడో ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు: "నిఘంటువు మాట పుట్టిన ఊరు చెబుతుందబ్బాయ్. చెడిపోయిన రోజు చెప్పదు." ఆ పాత మాట గురించి మళ్లీ ఎత్తలేదు.

యుద్ధం అయ్యాక నేను కువైట్ తిరిగొచ్చాను. ఆయన రాలేదు, కోనసీమలోనే ఒక చిన్న బళ్లో చేరారు. మొదటి పాఠం రోజు పిల్లలకి తన తండ్రి ఎవరో, ఏం చేసేవాడో చెప్పి మొదలుపెట్టేవారట. నేనొకసారి ధైర్యం చేసి ఆ వీధికి వెళ్లాను. ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఆమె ఎక్కడికి వెళ్లిందో, కొడుకు వచ్చాడో లేదో వాళ్లకి తెలియదన్నారు. అదే మాస్టారికి చెప్పాను. సరే అన్నారు. కానీ ఎప్పుడు ఫోన్ చేసినా, బాగోగులన్నీ అయ్యాక, "ఏవయ్యా, ఏవైనా తెలిసిందా?" అనేవారు.

ఒకసారి ఉండబట్టలేక, "ఆమె అడగొద్దనింది గదా సార్" అన్నాను.

"దేవుణ్ని అడగొద్దంది. ఆ రోజు నుంచి అడగలేదు. నిన్ను అడగొద్దనలేదు కదా" అన్నారు.

ఇంక అడగరు. ఇన్నేళ్లు తప్పించుకుందామని చూసిన ప్రశ్న, ఇప్పుడు ఎవరూ అడక్కపోతే నాకే తోచడం లేదు.

ఆయన్ని తలుచుకుంటే నాకు హజ్జా గేటు కాదు, జోర్డాను కనిపిస్తుంది. సరిహద్దు దాటాక ఎడారిలో గుడారాలు. సహాయం లారీ వచ్చిందంటే వందల చేతులు లేచేవి. విదేశీ ఫోటోగ్రాఫర్లు కెమెరాలతో లారీల మీద నిలబడేవారు. అడుక్కుంటున్న మా ఫోటో పేపర్లో పడితే ఊళ్లో తలెత్తుకోలేమని మా కడప జనమంతా తువ్వాళ్లతో మొహాలు చుట్టుకునేవాళ్లం. నేనూ కళ్లు మాత్రం కనపడేలా చుట్టుకున్నాను.

"కప్పుకో అయ్యోరా" అంది అక్క. "మీ బళ్లో పిల్లోళ్లు చూస్తారు."

"చూడనీ తల్లీ."

తువ్వాళ్ల గుంపు మధ్యలో ఆయనొక్కడూ ఏమీ కప్పుకోని మొహంతో నిలబడ్డారు. పెదాలు పగిలి, కనుబొమల్లో ఇసుక. మునివేళ్ల మీద లేచి చెయ్యి చాచి, లారీ మీద రొట్టెలు పంచుతున్నవాడి కళ్లల్లోకి సూటిగా చూస్తున్నారు, వాడు కూడా తన వైపు చూసేదాకా.